కెమెరా మీద కాటుక

పాపకు ఐదు నెలలు నిండగానే నేను మడికొండలో మళ్లీ ఉద్యోగంలో చేరాను. పాపను చూసుకోవడానికి అత్తమ్మ తొర్రూరు నుంచి వచ్చింది. చీకట్లో కూడా చూపించే కెమెరా ఒకటి కొని ఊయల కొయ్యకే బిగించాను. పాప కోసమేనని అందరికీ చెప్పాను. పచ్చి అబద్ధం. నా అనుమానమంతా అత్తమ్మ మీదే.

మధ్యాహ్నం పాపను పడుకోబెట్టి పరదాలు వేస్తే కెమెరా చుట్టూ సన్నటి ఎర్ర దీపాలు వెలిగేవి.

"గవి పిల్ల కండ్లల్లనే కొడ్తున్నయ్ బిడ్డా. చూపు పోదు గదా?" అంది అత్తమ్మ.

"ఏం గాదు. మీకు తెల్వదు, ఊకోండ్రి" అని కసిరాను. నాకు మాత్రం ఏం తెలుసు? పెట్టె మీద రాసింది కూడా చదవలేదు.

ఒకరోజు ఆఫీసులో ఫోన్ తెరిస్తే అంతా నలుపు. ఒళ్లు మండిపోయింది. ఆటో ఎక్కి ఇంటికొచ్చి పడ్డాను. చూస్తే కెమెరా నిండా కాటుక! పాపకు దిష్టిచుక్క పెట్టే కాటుకనే అత్తమ్మ దీపాల మీద మెత్తింది.

"ఏం దాస్తాండ్రు? మీరు పొద్దంత ఏం జేస్తాండ్రో చూద్దామనే పెట్టిన దీన్ని!" అని అరిచేశాను.

అత్తమ్మ కొంగుతో కాటుక తుడిచింది.

ఆ సాయంత్రం టీకాకు దవాఖానకు వెళ్లినప్పుడు, ఊయలకు కట్టిన దీపాల సంగతి డాక్టరమ్మను అత్తమ్మే అడిగింది.

"ఆ వెలుతురుతో మామూలుగా కళ్లకేం కాదమ్మా. అయినా మొహం పక్కనెందుకు? దూరంగా గోడకు పెట్టుకోండి. దాని వైరు పాప మెడకు చుట్టుకుంటే ఎట్లా?" అంది డాక్టరమ్మ, నా వైపే చూస్తూ. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి, అంతవరకూ తెరవని మధ్యాహ్నపు వీడియోలు చూశాను. ప్రతి మధ్యాహ్నం అత్తమ్మ ఊయల పక్కన కూర్చుని, దీపాలకూ పాప కళ్లకూ మధ్య అరచెయ్యి అడ్డం పెట్టింది. ఒక చెయ్యి గుంజితే ఇంకో చెయ్యి. పాప లేచేదాకా అంతే. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది.

కెమెరాను గోడకు మార్చాను. "తప్పయింది అత్తమ్మా" అన్నాను.

"ఏం గాదు తియ్ బిడ్డా" అంది.

మర్నాడు ఆఫీసులో ఫోన్ తెరిచాను. అత్తమ్మ గోడ దగ్గరకొచ్చి కెమెరాకేసి తలెత్తింది.

"బిడ్డా, పిల్ల పండుకున్నది. నడుం నొస్తాంది. జర ఒరగనా?"

జవాబు చెప్పే మీట ఫోన్లోనే ఉంది. నొక్కాను. నడుం వాల్చడానికి కూడా ఆమె నా అనుమతి అడగాలా? అత్తమ్మ అలాగే నిలబడి ఉంది.