మనుషులు బయలుదేరారు

జిపార్ చేసే పని చెప్పడానికి తేలికే, చెయ్యబోతే తల ప్రాణం తోకకొస్తుంది. రాజధాని బిష్కెక్‌లో ఒక పాత కట్టడం రెండో అంతస్తులో ఆమె ఆఫీసు. మిగతావాళ్ళు ఫోన్లకు యాప్‌లు రాస్తారు. అవి తెరుచుకోకపోయినా, తెరుచుకున్న క్షణంలో మూసుకుపోయినా, అందరి ఫోన్లలో ఆడి ఒక్కడి ఫోన్లో మొరాయించినా ఆమె బల్ల మీదికి వస్తాయి. రాసినవాళ్ళు భుజాలెగరేసి టీకి వెళ్ళిపోతారు. జిపార్ మాత్రం ఆ ఫోన్ని తన కంప్యూటరుకు తగిలించి, అది చచ్చిపోయే ముందు ఏమని గొణిగిందో వరసవరసా చదువుకుంటుంది. పదేళ్ళుగా అదే పని. మెచ్చుకున్నవాడు లేడు. తెరుచుకున్న యాప్‌ని చూసి ఎవడు మెచ్చుకుంటాడు?

ఆమె నరీన్ కొండల పిల్ల. తొలిచూలు కాబట్టి పాలు మరిచీ మరవకముందే తాతకిచ్చేశారు. మావాళ్ళలో అది మామూలే. తాత కస్మాలీనే ఆమె ఆతా అని, అంటే నాన్నా అని పిలిచింది. కన్నతండ్రిని అన్నా అంది. కస్మాలీ గొర్రెల కాపరి. ఎండాకాలమంతా మేత కొండల మీద గుడారం వేసుకుని ఉంటాడు. అక్కడ ఒక్క గట్టు మీద తప్ప ఫోన్ పలకదు. జిపార్‌కు తొమ్మిదేళ్ళప్పుడు నాయనమ్మ ఆ కొండ మీదే జ్వరంతో పోయింది. కింద ఊళ్ళో ఉన్న వైద్యుడికి కబురు అందేసరికి నాయనమ్మను కడిగి పడుకోబెట్టేశారు.

అందుకే కాపరుల కోసం ఆపద యాప్ చెయ్యాలని ఆఫీసుకు పని వచ్చినప్పుడు జిపార్ దాన్ని నెత్తిన పెట్టుకుంది. పేరు జార్దమ్. అంటే సాయం. కాపరి రెండు మాటలు రాసి మీట నొక్కి గట్టెక్కితే చాలు, సిగ్నల్ దొరగ్గానే ఆ మాట, ఉన్న చోటు, రెండూ ఆపద సిబ్బందికి చేరిపోతాయి. నొక్కినవాడి మాట మనిషికి చేరాలి. జిపార్‌కు కావలసింది అదొక్కటే.

వసంతంలో యాప్ బయటికొచ్చింది, వచ్చినట్టే పరువు తీసింది. కొత్త ఫోన్లలో బ్రహ్మాండంగా ఆడింది. కాపరుల చేతుల్లో ఉన్న పాత ఫోన్లలో ముట్టుకుంటే తెల్లటి తెర ఒకసారి మెరిసి మాయమైపోయేది.

"కొత్త ఫోన్లు కొనుక్కోమను" అంది ఆఫీసు నడిపే వెనేరా ఎజె, అంటే వెనేరా అక్క, గోళ్ళ రంగు ఆరబెట్టుకుంటూ.

"గొర్రెను అమ్ముకుని కొనాలా అక్కా?"

"నన్నడుగుతావేంటే? ఎవరు ఏమమ్ముకుంటారో నేను చూసుకోవాలా?"

మే నెలాఖరులో ఆతా మంద కొండెక్కే రోజు జిపార్ సెలవు పెట్టి ఊరికి వెళ్ళింది. ఆతా ఫోన్ ఆ మొండి రకమే. దాన్ని తగిలించుకుని పెరట్లో కంబళి మీద కూర్చుంది. చుట్టూ గొర్రెల అరుపులు, కుక్కల గోల. తాను ఆఫీసులో ఆడించి చూసుకునే టెస్ట్ యాప్‌ని ఎక్కించి చూసింది. నవ్వుతూ తెరుచుకుంది. జనానికిచ్చిన అసలు యాప్‌ని ఎక్కిస్తే చచ్చింది. రాసిన కోడ్ ఒక్కటే, దాన్ని యాప్‌గా కట్టడంలోనే ఎక్కడో తేడా. ఎక్కడో అప్పటికింకా అంతు చిక్కలేదు.

"ఆతా, రెండ్రోజులాగు. బాగుచేసి చేతికిస్తా."

"గొర్రెలకు చెప్పు. అవి వింటే నేనూ వింటా."

అప్పటికే ఊరి పెద్ద అరచేతులు చాచి దీవెన పలికేశాడు. అందరూ మొహాలు తుడుచుకుని ఓమిన్, అంటే తథాస్తు, అనేశారు. దీవెన అయ్యాక జీను దింపితే మందకు అరిష్టమంటారు. ఆతా రికాబులో కాలు పెట్టేశాడు. జిపార్ గబగబా ఆ టెస్ట్ యాప్‌నే ఫోన్లో ఉంచేసి గుర్రం పక్కన నడుస్తూ చెప్పింది.

"ఇది ఉత్తుత్తిది. నొక్కితే ఆపదవాళ్ళకి వెళ్ళదు, ఆఫీసులో నా దగ్గరికే వస్తుంది. నొక్కడం అలవాటు చేసుకుంటావని ఉంచా. అసలుది తర్వాత పంపుతా, విన్నావా?"

"నీ దగ్గరికే వస్తే ఇంకేం కావాలే నాకు?" అని నవ్వి ఆతా గుర్రాన్ని అదిలించాడు.

ఆ నవ్వు దగ్గరే జిపార్ ఆగి ఉండాల్సింది. ఆగలేదు. మంద లేపిన దుమ్ములో చెయ్యూపింది.

ఊరికే కూర్చోలేదు లెండి. బిష్కెక్ తిరిగొచ్చాక ఆ తప్పు కోసం తిండీ నిద్రా మానేసింది. చివరికి దొరికింది. అసలు యాప్‌ని కట్టేటప్పుడు బరువు తగ్గించడానికి ఒక ప్రోగ్రాం కోడ్‌లో పనికిరాని ముక్కలన్నీ కత్తిరించి పారేస్తుంది. పాత ఫోన్లకు మాత్రమే అవసరమయ్యే ముక్క ఒకటి దాని కంటికి పనికిరానిదిగా కనబడింది. దాని జోలికి పోవద్దని జిపార్ ఒక్క వరస రాసింది. మళ్ళీ కడితే పాత ఫోన్లన్నిట్లోనూ తెరుచుకుంది. బాత్రూంలోకి వెళ్ళి కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది.

మరో చిక్కు మిగిలింది. టెస్ట్ యాప్ మీద ఉన్న సంతకం వేరు, అసలు దాని మీద సంతకం వేరు. పాతది తీసేస్తేగాని కొత్తది కూర్చోదు. ఆతా గట్టెక్కి ఫోన్ చేసినప్పుడు ఒక్కో మీటా చెప్పి తీయించింది, కొత్తది పెట్టించింది. ఆతా విసుక్కుంటూనే అన్నీ చేశాడు. ఆ పూట జిపార్ గుండెల మీద బరువు దిగిపోయింది.

ఆమెకు తెలియనిది ఒకటుంది. కొండెక్కిన వారానికే పక్క గుడారాలవాళ్ళు ఆతా ఫోన్ చూశారు. వాళ్ళవి తెరుచుకోవడం లేదు, ముసలాయనది తెరుచుకుంటోంది. "నా కూతురు చేసింది. నొక్కితే తిన్నగా దాని దగ్గరికే పోతుంది, మనుషుల్ని అదే పంపుతుంది" అన్నాడాయన మీసం దువ్వుకుని. ఒక గుడారంలో ఉన్నది పక్క గుడారంలో లేకపోతే మా కొండల మీద సిగ్గుచేటు. ఫోన్‌కు ఫోన్ ఆనించి బ్లూటూత్‌లో అందరూ ఎక్కించుకున్నారు. దాని గురించి ఆయన కూతురికి చెప్పలేదు. ఉప్పు బదులిస్తే ఎవరైనా చెప్పుకుంటారా?

జూలైలో ఒక సోమవారం పొద్దున జిపార్ టెస్ట్ యాప్ మాటలన్నీ చేరే సర్వర్ తెరిచింది. అందులోకి ఏ మాటొచ్చినా, "అందింది. మనుషులు బయలుదేరారు" అని దానంతటదే జవాబు పోతుంది. ఆ జవాబు రాసి పెట్టింది జిపారే. ఆఫీసులో పరీక్షించే ఎర్నిస్‌కు తిన్నగా రాయడం చేతకాదు. తోడేలు మా అత్తగారిని ఎత్తుకెళ్ళింది, వెనక్కివ్వొద్దని చెప్పండి, ఇలాంటివే పంపుతాడు. శుక్రవారం నుంచి వచ్చిన వరసలో కూడా తోడేళ్ళున్నాయి. వాటి మధ్య శనివారం పొద్దున్నే వచ్చినది ఒకటి ఇలా ఉంది: "ఆడ గుర్రం పాలు పిండబోతే బురుల్‌ని కడుపులో తన్నింది. ఒళ్ళు చల్లబడుతోంది. జోల్దోష్."

"ఏరా ఎర్నిస్, శనివారం పూట గుర్రాల మీద పడ్డావా?" అంది నవ్వుతూ.

"నేనా? శనివారమంతా మా బావమరిది పెళ్ళిలో తాగి పడున్నా. ఫోన్ ముట్టుకుంటే ఒట్టు."

జిపార్ చోటు చూసింది. ఎర్నిస్ పంపేవన్నీ ఆఫీసు వీధిలోనే ఉంటాయి. ఇది నరీన్ కొండల్లో, ఆతా గుడారం పక్కన గట్టు మీద ఉంది. కిందికి జరిపింది. శనివారమే, పొద్దెక్కాక మరొకటి: "ఎక్కడిదాకా వచ్చారు?" దాని కింద జవాబు: "అందింది. మనుషులు బయలుదేరారు." మధ్యాహ్నం: "ఏరు పొంగింది. ఎటునుంచి వస్తున్నారు?" దాని కిందా అదే జవాబు. సాయంత్రం వచ్చిన ఆఖరి దాన్లో ఒక్క మాటే ఉంది. "రండి." దానికీ సర్వర్ మర్యాదగా అదే చెప్పింది.

ఎర్నిస్ ఆమె భుజం మీంచి చదివి, ముందు ఊరికి ఫోన్ చెయ్యమన్నాడు. ఆతా పక్క గుడారం జోల్దోష్ భార్య బురుల్ శనివారం చీకటి పడకముందే పోయిందని, ఆతా ఫోన్లోని టెస్ట్ యాప్ గుడారాలన్నిటికీ పాకిందని ఊరికి ఫోన్ చేస్తే తెలిసింది. జిపార్ ముందు చేసిన పని, ఆ జవాబును ఆపెయ్యడం. ఇకమీదట దానికి ఏదొచ్చినా తన ఫోన్లోనే మోగేట్టు మార్చింది. రెండుసార్లు తప్పు రాసి దిద్దుకుంది.

వెనేరా ఎజె తలుపు మూసింది. "చావుకి వెళ్ళు, వద్దనను. నోరు మాత్రం విప్పకు. ఆ యాప్‌ని చేతులు మార్చుకుంది వాళ్ళు, మనం కాదు. తెలిసిందా?"

"తెలిసింది" అంది జిపార్. తెలిసినందుకే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

కొండెక్కేసరికి ఖననం రోజు వచ్చేసింది. గుడారం లోపల ఆడవాళ్ళు బురుల్ పేరు పెట్టి పాటగా ఏడుస్తున్నారు. బయట జోల్దోష్ నడుముకు గుడ్డ బిగించి, కర్ర మీద వంగి, వచ్చిన ప్రతి మనిషికీ గొంతెత్తి ఏడుస్తున్నాడు. ముప్పై ఏళ్ళవాడు ముసలాడిలా ఉన్నాడు. జిపార్‌ను చూడగానే అక్కడివాళ్ళు దారిచ్చారు. ఒకామె చేతులు పట్టుకుంది. "నువ్వు పంపించావమ్మా, పాపం. ఆ దొంగ సచ్చినోళ్ళే రాలేదు" అంది. జిపార్ చేతులు విడిపించుకుని గుడారంలోకి నడిచింది.

మగవాళ్ళు మట్టి వేసి వచ్చి భోజనాలయ్యాక జిపార్ గుడారం గుడారానికీ తిరిగింది. "ఇది పాతది, మారుస్తాను" అని ఫోన్లు తీసుకుని టెస్ట్ యాప్ తీసేసి అసలుది పెట్టింది. ప్రతివాళ్ళూ పులిసిన గుర్రప్పాల కుమిస్ గిన్నె చేతికిచ్చి దీవించారు. ఆ దీవెనల కంటే తిట్లు నయం.

ఆతా తన గుడారం వెనక జీను మీద కూర్చుని ఉన్నాడు.

"నేనే ఇచ్చాను. నాది తెరుచుకుని వాళ్ళది తెరుచుకోకపోతే ఎలా ఊరుకోను?" అన్నాడు.

"నీదేం తప్పులేదు ఆతా. నీకు సరిగ్గా చెప్పనిది నేను."

"చెప్పావు. నేను విన్నట్టే విని..." ఆగిపోయాడు. తర్వాత, "జోల్దోష్‌కి చెప్పకు తల్లీ. ఎవరో రాలేదన్న కోపం ఆనుకుని నిలబడ్డాడు వాడు. ఆ కోపం లాగేస్తే కూలిపోతాడు" అన్నాడు.

ఆయన మాట ఏనాడూ కాదనని పిల్ల ఆ రోజు కాదంది. అబద్ధం చెప్పి వాడిని నిలబెట్టడం ఆమె వల్ల కాలేదు. మంచిపని చేసిందో లేదో నేను చెప్పలేను. జోల్దోష్ ఏటి ఒడ్డున గుర్రాలకు నీళ్ళు పెడుతుంటే వెళ్ళింది.

"నువ్వు పంపినవాళ్ళు ఎక్కడాగిపోయారు జిపార్?" అని అతనే అడిగాడు.

"నేనెవర్నీ పంపలేదు జోల్దోష్. ఆ జవాబు సర్వర్ ఇచ్చింది. ఏది రాసినా అదే చెప్తుంది. దానికది నేర్పింది నేను. నువ్వు రాసింది సోమవారం దాకా నేను చూడలేదు. నీది అసలు యాప్ కాదు."

అతను నీళ్ళ వైపు తిరిగాడు. ఏరు ఉరవడిగా పోతోంది. మంచు కరిగిన నీళ్ళు, మధ్యాహ్నానికి గుర్రం పొట్టను ముంచుతాయి.

"పొద్దున మోకాలి లోతే ఉంటుంది" అన్నాడు.

"తెలుసు."

"పొద్దున్నే ఏరు దాటిద్దామని బురుల్‌ని దుప్పట్లో చుట్టి మా జీపులో పడుకోబెట్టాను. గట్టెక్కి ఒక్కసారి నొక్కొద్దామని వెళ్ళా. నీ జవాబొచ్చింది. వాళ్ళెలాగూ పెద్ద బండిలో వస్తారు, కుదుపులకి దీనికి నొప్పెందుకని జీపులోంచి దింపాను." గుర్రాన్ని నీళ్ళ నుంచి వెనక్కి లాగాడు. "నేనే దింపాను."

జిపార్‌కు ఏడవడానికి కూడా హక్కు లేదనిపించింది. ఏడుపు మాత్రం ఆగలేదు. మొహం తుడుచుకుని చెయ్యి చాచింది.

"ఫోన్ ఇలా ఇవ్వు. తీసేసి అసలుది పెడతా. ఇది నీ దగ్గరుండకూడదు."

జోల్దోష్ ఫోన్ని గుండెకు అదుముకున్నాడు.

"ఇవ్వను. పొద్దునే ఎందుకు దాటలేదురా అని మా అత్త అందరి ముందూ చొక్కా పట్టుకుంది. ఇది చూపించాకే వదిలింది. ఇదీ పోతే, పెళ్ళాం చస్తుంటే ఊరికే కూర్చున్నవాణ్ణే కదా నేను?"

జిపార్ చెయ్యి దించేసింది. అతను గుర్రం కళ్ళెం అందుకున్నాడు. ఎక్కి కూర్చుని, తలవంచి అడిగాడు.

"మళ్ళీ నొక్కితే ఎవరికెళ్తుంది?"

"నాకే."

"ఊరికే జవాబొస్తుందా?"

"రాదు. ఆపేశాను. నేను చూసి రాస్తేనే."

"అయితే ఈసారి చూడు" అని జోల్దోష్ గుర్రాన్ని గట్టు వైపు తిప్పాడు.

ఏటి దగ్గర సిగ్నల్ ఉండదు, అతను నొక్కింది అందాలంటే తనూ పైకెళ్ళాలి. జిపార్ ఫోన్ చేతిలో పట్టుకుని అతని వెనకే గట్టెక్కడం మొదలుపెట్టింది.