పడుగు పైన గద్ద గూడు

1979 ఏప్రిల్, ఒక మంగళవారం ఉదయం ఆరున్నర. తిరుత్తణి వైపు అటవీ శాఖలో నేను వాచరును. మా కొలువులో కింది మెట్టు అదే. పైన గార్డు, ఆపైన ఫారెస్టరు. అత్తిమంజేరిపేటలో ఎవరో గద్ద గూడు దించబోతున్నారని తెలిసి గార్డు నన్ను పంపాడు.

కోడిపిల్లల గొడవ అనుకున్నాను. కాదు. నేతగాళ్ళ వీధిలో పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులు, గుంజల మధ్య చాచి గంజి పట్టించారు. గంజి ఆరేలోపు కుంచెలతో దువ్వకపోతే పోగులు అతుక్కుపోతాయి. అందుకే తగాదాలున్నా సరే, వీధిలో అందరూ వచ్చి చెయ్యేస్తారు. ఆ పడుగు మీదికి వంగిన మామిడి కొమ్మలో గూడు. కిందటి పడుగుతో నేసిన బట్ట రెట్టల మరకలతో షావుకారు దగ్గర్నించి తిరిగొచ్చింది. ఇదీ చెడితే, ఆ పడుగు నేసే మునిరత్నానికి అతను ఇక నూలివ్వడు.

మునిరత్నం దువ్వుతూనే అన్నాడు: "గెడకి కొడవలి కట్టి పెట్టినా అన్నా. ఈ పని కానీ, దించేస్తా."

చట్టం వచ్చిందని, కేసవుతుందని చెప్పాను.

"గద్దకి చట్టముండాది, నా పడుక్కి లేదా?"

నేను తలెత్తి గూటి వైపు చూశాను. పైన తల్లి గద్ద తెల్లటి కళ్ళతో మమ్మల్నే చూస్తోంది. తెల్లని గొంతు, నడుమ ఒక నల్ల గీత. మిడతలు, తొండలు దాని తిండి. పిల్లలకింకా రెక్కలు రాలేదు. పెద్ద వయసులో అక్షరాలు నేర్చుకున్నాక చదివాను, ఈ జాతిలో నాలుగే రకాలట. ఒకటి ఆఫ్రికాలో గడ్డి మంటల దగ్గర మిడతల్ని పడుతుంది. ఒకటి జపాన్ నుంచి చలికి దక్షిణానికి వలసపోతుంది. మనది మాత్రం ఇక్కడే ఉంటుంది.

"పిల్లలు ఎగిరేదాకా వచ్చే పడుగులు పక్కకి జరుపుకో" అన్నాను.

"యాడికి జరపాల?"

చెట్టు లేని వాకిలి ఒక్కటే, అతని బావ గోవిందస్వామిది. ఇద్దరికీ మాటల్లేవు. పరాయి వాకిట గుంజ నాటాలంటే ఆ ఇంటాయన్ని నోటితో అడగాలి, అది వీధి కట్టు. గోవిందస్వామి పడుగు అవతలి కొసన దువ్వుతున్నాడు.

మునిరత్నం భార్య కన్నమ్మ నాతో అంది: "మా అన్నని నువ్వు అడుగు వాచరన్నా."

అడిగాను.

"అడగాల్సినోడి నోటికి గంజి అతుక్కునుండాదా?" అన్నాడు గోవిందస్వామి. అందరూ నవ్వారు, మునిరత్నం తప్ప.

దువ్వుకుంటూ వచ్చి ఇద్దరూ ఎదురుబదురయ్యారు. "వచ్చే పడుక్కి నీ వాకిట గుంజ నాటుకుంటా బావా."

"నాటుకో. పోయేటప్పుడు గుంత పూడ్చు."

పిల్లలు ఎగిరిపోయాయి. ఆ తర్వాత ఏ గూటి తగువుకు పోయినా, చట్టం చెప్పే ముందు ఆ మనిషి పనికి వేరే చోటుందా అని చూసేవాణ్ణి. చోటు చూపకుండా చెప్పిన చట్టం మనం వెనుదిరిగేదాకే నిలుస్తుంది.

నాకు గుర్తున్నంత వరకు, ఆ పొద్దు పడుగు దగ్గరున్నది మునిరత్నం, కన్నమ్మ, గోవిందస్వామి, దువ్వడానికొచ్చిన పక్కింటి చెంగల్రాయుడు, అతని అక్క రాజమ్మ, నేను.