నాలుగు మూలలా పసుపు

నాకు యాభై ఒకటో ఏట కాగితం పిచ్చి పట్టింది. ఆ వయసులో మా వీధిలో కొందరికి షుగరు వచ్చింది, కొందరికి భక్తి వచ్చింది. నాకు గ్రీటింగు కార్డులు వచ్చాయి. మూడింట్లోకీ ఇంటిల్లిపాదినీ ఎక్కువ ఏడిపించేది ఇదేనని మావాళ్ల అభిప్రాయం.

అంతా ఫోన్లో వీడియోలతో మొదలైంది. ఎక్కడో చలిదేశంలో ఒకావిడ మరక లేని బల్ల ముందు కూర్చుంటుంది. రబ్బరు ముద్రకి సిరా అద్ది కాగితం మీద నొక్కి తీస్తే పువ్వు గీతలు పడతాయి. వాటిలో మార్కరు అలా అలా తిప్పితే రేకలకి నీడలు వస్తాయి. ఆ పైన ఆ పువ్వు ఆకారంలోనే ఉన్న ఇనప అచ్చు దాని మీద పెట్టి, చిన్న మిషన్లో దూర్చి, పిడి తిప్పుతుంది. పువ్వు అంచు వెంబడి తెగి ఊడి వస్తుంది. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. పాతికేళ్లకు పైగా ఏ నోటుబుక్కులోనూ తిన్నటి గీత చూసి ఎరగను. ఆ అంచు చూసేసరికి ప్రాణం లేచి వచ్చింది. నెల తిరక్కుండా మిషను, అచ్చులు, నలభై ఎనిమిది రంగుల మార్కర్లు తెప్పించేశాను.

మా అత్తగారు ఆ మిషను చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"జంతికలకా అమ్మా?"

"కాదండీ అత్తయ్యగారూ, కాగితాలు కోయడానికి."

"ఏం, కత్తెర పోయిందా?" అని వంటింట్లోకి వెళ్లిపోయారు.

వీడియోలో ఆవిడకి లేని కష్టం నాకొకటుంది. నేనుండేది అమలాపురంలో. ఆవిడ సిరా చిటికెలో ఆరుతుంది. మాకు చుట్టూ నీళ్లే, గాలిలోనూ నీళ్లే. వేసవిలో ఉక్కకి ఆరదు, వానాకాలం ముసురుకి ఆరదు. ఆరీ ఆరని కార్డు వేయించిన అప్పడంలా వంకర తిరుగుతుంది. అందుకని హాల్లో మంచం మీద కార్డులన్నీ పరిచి, ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో గవ్వ పెట్టి, ఫ్యాను వేసి వదిలేసేదాన్ని. మధ్యాహ్నం ఆ మంచం మీద నడుం వాల్చే అలవాటు మా మావగారికి అలా తప్పిపోయింది. పాపం ఆయన ఒక్క మాట అనలేదు. వాలుకుర్చీలోనే మెడ పక్కకి వేలాడేసి నిద్రపోయేవారు.

బొమ్మల సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. ముద్రలన్నీ విదేశీవి. మంచు, ఊలు టోపీ పెట్టుకున్న ఎలుగుబంటి, పొగలు కక్కే కప్పు. మా హెడ్మాస్టరుగారి గృహప్రవేశానికి మంచు కప్పేసిన ఇల్లు పంపించాను. మే నెలలో. ఆయన ఆ కార్డుతోనే విసురుకుంటూ, "చాలా చల్లగా ఉందండీ టీచరుగారూ" అన్నారు. మెచ్చుకున్నారనే అనుకున్నాను చాలా రోజులు.

మిగతావాళ్లు ఇంకా మర్యాదస్తులు. కార్డు అటూ ఇటూ తిప్పి, "ఎంత బావుందండీ! ఎక్కడ కొన్నారు?" అనేవారు. నేనే చేశానని గొప్పగా చెప్పేదాన్ని. "ఆయ్... అంటే ఈమధ్య కాస్త ఖాళీగా ఉంటున్నారన్నమాట" అనేవారు. మూడు గంటలు కూర్చుని రంగులు దిద్దిన మందారాల కార్డు ఒకటి, పక్కింటివాళ్ల మాగాయ జాడీ మీద, గుడ్డ కింద కనిపించింది. సరిగ్గా మూతంతే సరిపోయింది. నా అచ్చు కొలతలు అంత ఖచ్చితం మరి.

మా ఇంట్లో కార్డులకి ఒక పద్ధతి ఉంది. పెళ్లయినా, బారసాలయినా, శుభం కబురు మోసుకెళ్లే కార్డు నాలుగు మూలలా పసుపు పెట్టందే గుమ్మం దాటదు. అది అత్తగారి శాఖ. చిన్న గిన్నెలో పసుపు తడిపి, ఉంగరం వేలితో మూలమూలకీ అద్దుతారు. చావు కబురు కార్డుకి పసుపు ఉండదు. అలాంటిది వస్తే గుమ్మంలోనే చదివి చించేస్తాం, ఇంట్లోకి తేము. ఇది మాకెవరూ నేర్పక్కర్లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంతసేపూ ఎకసెక్కాలాడింది అది చెప్పలేకే.

నాకొక స్నేహితురాలు ఉంది. కొత్తపేటలో ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ మాది. తర్వాత తను రాజోలు కోడలైంది, నేను అమలాపురం కోడలినయ్యాను. పద్నాలుగు నెలల కిందట, మా అమ్మాయి పెళ్లి ఇంకా పదిహేడు రోజులుందనగా, వాళ్లాయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అప్పటికి పెళ్లికార్డులు సగం పంచేశాం. వాళ్లది నా బ్యాగులోనే ఉంది. ఆ బుధవారం నేనే వెళ్లి, బొట్టు పెట్టి, పిలిచి రావాలి. సోమవారం ఈ కబురు వచ్చింది.

"గుమ్మానికి తోరణం కట్టబోతూ మైల ఇంటికెళ్తావా? పదహారు రోజుల పండగ కానీ, వెళ్దువుగాని" అన్నారు అత్తగారు. నేను వెళ్లలేదు. అత్తగారు అన్నది పదహారు రోజుల పండగ దాకానే. ఆ తర్వాతి ఏడాది నేనే సొంతంగా సంపాదించుకున్నాను. ఆషాఢమన్నాను, కొత్త అల్లుడన్నాను, స్పాట్ వాల్యుయేషనన్నాను. పలకరింపుకి మంగళ శుక్రవారాలు పనికిరావు కదా, మా స్కూలుకి సెలవులన్నీ ఆ రోజుల్లోనే వచ్చాయని నన్ను నేను నమ్మించుకున్నాను. ఎంత ఆలస్యమైతే అంత మొహం చెల్లలేదు. ఫోను చేద్దామని తీసి, పువ్వుకి నీడ దిద్దే వీడియో చూసేదాన్ని.

ఆ వీడియోల్లోనే నాకు దారి దొరికింది. ఆ దేశాల్లో సానుభూతికి కూడా కార్డు ఉందట! ఎదురుగా వెళ్లక్కర్లేదు, ఏడవక్కర్లేదు, తన మొహంలోకి చూడక్కర్లేదు. ముద్ర కొట్టి పోస్టులో వేస్తే పలకరింపు అయిపోయినట్టే. నాలాంటి పిరికిదానికి ఇంతకన్నా ఏం కావాలి? వారం రోజులు కూర్చున్నాను. తెల్లపువ్వులు, బూడిదరంగు ఆకులు, అంచుకి సన్నగా బంగారు రంగు. లోపల ఇంగ్లీషులో సానుభూతి ముద్ర. నా చేతి మీదుగా వచ్చినవాటిలో ఒక్క వంకర లేని కార్డు అదే.

సరిగ్గా అప్పుడే ఎదురింటివాళ్లు తమ మనవరాలి బారసాలకి ఇరవై కార్డులు చేసిపెట్టమన్నారు. అడిగి చేయించుకున్నది లోకంలో వాళ్లొక్కరే. అవి కూడా పూర్తిచేసి, మంచం మీద అన్నీ ఆరబెట్టి, కవర్ల మీద అడ్రసులు రాసి ఏ కార్డు పక్కన దాని కవరు పెట్టి, మూడు రోజుల ట్రైనింగుకి కాకినాడ వెళ్లాను. వెళ్తూ వెళ్తూ, "అత్తయ్యగారూ, ఆరాక పసుపు పెట్టి మావయ్యగారి చేత పోస్టులో వేయించండి" అని చెప్పాను. ఒకటి వేరుగా ఉంచమని చెప్పలేదు.

శనివారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మంచం మీద మావగారు హాయిగా నిద్రపోతున్నారు.

"ఇరవై ఒకటీ వెళ్లిపోయేయమ్మా గురువారం" అన్నారు అత్తగారు సంబరంగా. "ఒక్కదానికీ తప్పకుండా నాలుగు మూలలా పెట్టేను. ఆ తెల్లపూలదైతే ఎంత లక్షణంగా ఉందో! దానికి మధ్యలో కుంకం కూడా పెట్టేను."

అదేమిటో, ఎవరికో చెప్పాను. అత్తగారు గోడ పట్టుకుని కూర్చుండిపోయారు.

"అయ్యో అయ్యో! ఎంత పని చేసేనమ్మా! చావు పలకరింపుకి పువ్వులేమిటే తల్లీ? దానికి బంగారు రంగెవరు పుయ్యమన్నారు నిన్ను? నేను శుభమే అనుకున్నాను!"

మావగారు లేచి, డబ్బాలో పడ్డ ఉత్తరం మళ్లీ ఇవ్వరమ్మా అని పోస్టాఫీసు నియమాలు చెప్పడం మొదలుపెట్టారు. మొగుణ్ని పోగొట్టుకున్న మనిషికి పసుపూ కుంకుమా పోస్టులో పంపిన ఘనురాలిని నేను. వెక్కిరించాననుకుంటుంది. ఇక జన్మలో నా మొహం చూడదు. పద్నాలుగు నెలలు గుర్తుకు రాని రాజోలు బస్సు మర్నాడు పొద్దున్నే ఎక్కాను. పోస్టుమాను కన్నా ముందు చేరితే కార్డు చేతికి చిక్కించుకుని చించేయవచ్చన్నది నా ఆలోచన. ఆదివారం పోస్టు ఉండదన్న ధైర్యం ఒకటి. దారి పొడుగునా అదే లెక్క కట్టుకుంటూ కూర్చున్నాను.

తను అరుగు మీద కుట్టుమిషను దగ్గరుంది. ఆయన పోయాక జాకెట్లు కుడుతోందని విన్నాను. నన్ను చూసి కాలు ఆపింది. చిక్కిపోయింది.

"రా" అంది. ఇన్నాళ్లూ ఏమైపోయావని అడగలేదు. మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను ఏడవాలి, అదీ పద్ధతి. ఏడుపు రాలేదు.

"ఏడవక్కర్లేదులే. ఏడవాల్సినవాళ్లంతా ఏడ్చేసి వెళ్లిపోయేరు" అంది.

అప్పుడు చూశాను. మిషను బల్ల మీద, టేపుకీ సుద్దముక్కకీ మధ్య, నా కార్డు. నిన్ననే వచ్చిందట. తను దాన్ని తీసి అంచు మీద వేలు పెట్టి చూసింది.

"ఇది చేత్తో కోసేవా?"

"మిషను."

"అనుకున్నాను. నీకు కత్తెర పట్టుకోవడం ఎప్పుడొచ్చిందని! ఏం పువ్వే ఇది?"

"ఏమో. అచ్చులో అలా వచ్చింది."

"లోపల ఇంగ్లీషులో ఏమిటి?"

"నీ దుఃఖంలో నేనూ ఉన్నానని."

"ఎప్పుడున్నావు?" అంది.

కోపంగా అనలేదు. కొలత అడిగినట్టు అడిగింది. తిట్టినా బాగుండేది.

"సర్లే. అది కాదు నేను చెప్పేది" అంటూ పసుపు మూల నాకు చూపించింది. "ఆయన పోయేక నా పేరున పసుపు పెట్టిన కార్డు ఇంటికి రాలేదే. పెళ్లిపిలుపులకి వచ్చినవాళ్లు గుమ్మంలోనే మా అబ్బాయి చేతిలో పెట్టి పోతారు. నేను ఇక్కడే కూర్చునుంటాను, కనపడనట్టే చూస్తారు. పెళ్లికూతురి జాకెట్లు మాత్రం నేనే కుట్టాలి. నిన్న ఇది వచ్చింది. పసుపు, కుంకం. నీకింత తెగింపు ఎక్కడిదా అనుకున్నాను. రాత్రి అన్నం కూడా రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను." నా వైపు తిరిగి అడిగింది. "నువ్వే పెట్టేవా?"

అవును అనే మాట నాలిక చివర దాకా వచ్చింది. ఒక్క మాటతో పద్నాలుగు నెలలూ కొట్టుకుపోయేవి. ఆ మాట అనాలని ఎంత ఉందో చెప్పలేను. కానీ ఆరో తరగతి నుంచి చూస్తున్న మొహం అది. దానికి అబద్ధం చెప్పడం చేతకాలేదు.

"కాదే. మా అత్తగారు. బారసాల కార్డుల్లో కలిసిపోయి, తెలియక పెట్టేశారు. నువ్వు చూడకముందే తీసేసుకుందామని పరిగెత్తుకొచ్చాను."

తను కార్డు బల్ల మీద పెట్టేసింది. మిషను చక్రం మీద చెయ్యి వేసి, తిప్పకుండా అలాగే కూర్చుంది.

"నిన్నంతా నువ్వే అనుకున్నాను" అంది. మళ్లీ, "అయినా నువ్వెందుకు పెడతావులే. పెట్టేదానివైతే మీ అమ్మాయి పెళ్లికార్డే తెచ్చిచ్చేదానివి. అసలు మాకు రాసేవా?" అంది.

"రాశాను. పసుపూ నేనే పెట్టాను. నా చేత్తో. బీరువాలో ఉంది."

"తే."

"పెళ్లయి ఏడాది దాటిందే..."

"భోజనానికొస్తానన్నానా? నాకు రాసిందేగా. తే."

తర్వాతి ఆదివారం పట్టుకెళ్లాను. ప్రెస్సులో కొట్టించిన మామూలు పెళ్లికార్డు. పూలు లేవు, కోతలు లేవు. పసుపు ఎండి గోధుమరంగుకి తిరిగింది. బొట్టు పెట్టబోతూ, తను ఆపుతుందేమోనని చూశాను. ఆపలేదు. కార్డు రెండు చేతులా అందుకుని, కవరు మీద నా రాత చదివింది. ఆయన పేరు, దాని పక్కన తన పేరు. ఆ రాత రాసిన రోజుకి ఆయన ఉన్నాడు.

"మా ఇద్దరికీ వచ్చిన ఆఖరు పిలుపే ఇది," అంది. "ఇన్నాళ్లూ నీ బీరువాలో పెట్టుకున్నావా?"

అప్పుడు ఏడ్చింది. అప్పుడు ఏడ్చాను నేనూ, ముక్కూ మొహం ఏకమయ్యేలా.

బయల్దేరుతుంటే నా తెల్లపూల కార్డు తెచ్చి బ్యాగులో పెట్టేసింది.

"ఇది మీ అత్తగారికివ్వు. ఆవిడ పసుపు నాకందిందని, నమస్కారాలన్నానని చెప్పు."

"మరి నాకేం లేదా?"

"వచ్చే ఆదివారం రా. పెళ్లివాళ్ల జాకెట్లు పదకొండున్నాయి, హుక్కులు కుట్టాలి. ఆ మిషను తేకు, చేత్తోనే కుట్టాలి" అంది.