చదవనిదే ఒప్పుకోని మామయ్య

మామయ్య చదవనిదే దేనికీ ఒప్పుకోడు. డబ్బులు కట్టే యాప్ "మా గోప్యతా విధానం మారింది, అంగీకరిస్తున్నాను అని నొక్కండి" అంటే లోకమంతా కళ్లు మూసుకుని నొక్కేస్తుంది. మామయ్య మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. అది చూడగానే వరుసలో వెనక నిలబడ్డవాళ్లు నిట్టూర్చి పక్క వరుసలోకి మారిపోతారు.

కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన ఇలా ఉండేవాడు కాదు. అచ్చాఫీసులో జీవితమంతా ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. ఇక ఈ జన్మకి అక్షరం మొహం చూడనని ఒట్టు పెట్టుకుని, వరండాలో పడక్కుర్చీ వేసుకుని కునుకులు తీసేవాడు. అలాంటిది కిందటేడు ఉన్నట్టుండి లేచి కూర్చుని ఫోన్‌లో చిన్నక్షరాలు చదవడం మొదలుపెట్టాడు. పాత పురుగు మళ్లీ తొలుస్తోందని అత్తయ్య తేల్చేసింది.

ఒకసారి ఇంటికి చుట్టాలొస్తే ఐస్‌క్రీమ్ తెమ్మని కోడలు ఆయన్ని పంపింది. డబ్బు కట్టబోయే సమయానికే యాప్ వాడికి విధానం మార్చాలని బుద్ధి పుట్టింది. మామయ్య డబ్బా చంకలో పెట్టుకుని మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాడు. ఆయన ఇంటికొచ్చేసరికి ఐస్‌క్రీమ్‌ని గ్లాసుల్లో పోయాల్సి వచ్చింది. చుట్టాలు మర్యాదస్తులు కాబట్టి, ఈ పానీయం చాలా బాగుందని మెచ్చుకుని వెళ్లారు. ఆ తర్వాత కిరాణా కొట్టాయన ఆయన కోసమే గల్లాపెట్టె పక్కన ఒక స్టూలు వేయించాడు.

చదవడంతో ఊరుకుంటాడా అంటే అదీ లేదు. "మీ సమ్మతితో మీ వివరాలు పంచుకుంటాము" అని ఉండాల్సిన చోట "మీ సమ్మెతో" అని పడిందట. మామయ్య వెంటనే కంపెనీకి ఉత్తరం కొట్టాడు. నేను సమ్మె చేస్తే మీరు నా వివరాలు ఎలా పంచుకుంటారని నిలదీశాడు. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనదని ఠక్కున జవాబొచ్చింది. విలువైనదంటున్నాడంటే దాన్ని కూడా ఎవరికో అమ్మేసి ఉంటాడని మామయ్య అనుమానం.

అన్నం దగ్గర కూడా అదే గొడవ. "భాగస్వాములతో పంచుకుంటాం అంటాడేమిట్రా వీడు? నాకు తెలిసి భాగస్వామి అంటే ఒక్కతే, ఆవిడ వంటింట్లో ఉంది. వీడికి వందల మంది ఉన్నారు," అని కొడుకుతో వాదించేవాడు. కొడుకు తల వంచుకుని గబగబా తినేసి లేచిపోయేవాడు.

ఇంత జాగ్రత్తపరుడి ఫోన్ కడిగిన ముత్యంలా ఉండాలి కదా. ఉండదు. ఆ ఇంట్లో అన్ని ఫోన్లకీ వచ్చే ప్రకటనలు ఒకెత్తు, మామయ్య ఫోన్‌కి వచ్చేవి ఒకెత్తు. ఆయనది నున్నటి బట్టతల. పొడుగు జుట్టు సవరాలు కొనమంటుంది ఫోన్. ఆయనవి పాము చెవులు, అయినా చెవిటి మిషన్లు చూపిస్తుంది. మొటిమలకి క్రీములు, గురకకి మందులు, పక్క తడిపే పెద్దవాళ్లకి డైపర్లు, ఏదీ వదలదు.

"ఫోన్ దృష్టిలో నువ్వొక మనిషివి కాదు నాన్నా, ఆసుపత్రిలో ఒక వార్డువి," అని కొడుకు నవ్వేవాడు.

అత్తయ్యకి మాత్రం లోలోపల బెంగ. పక్క దుప్పట్లు తడిమి చూసింది. ఆయన నిద్రపోతుంటే చెవి దగ్గర చిటికె వేసింది. చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్దామండీ అని బతిమాలితే, రోగం ఫోన్‌కి గాని నాకు కాదని మామయ్య నవ్వేశాడు. కోడలు కూడా అందరితో పాటు నవ్వింది, మందుల షాపు దగ్గర ఆ సాయంత్రం వచ్చేవరకూ.

ఆ సాయంత్రం ఆమె షాపు మెట్ల దగ్గర ఎక్కలేక దిగలేక నిలబడింది. గర్భం ఉందో లేదో చూసుకునే కిట్ ఒకటి కావాలి. చేతిలో ఫోన్ తప్ప చిల్లిగవ్వ లేదు. కిందటేడు ఇదే షాపులో, ఇదే ఫోన్‌తో, ఇదే కొంది. భర్తకి చెప్పేలోపే ఫోన్ ఉయ్యాలలు చూపించింది. కొన్నాళ్లకి ఆ కడుపు నిలవలేదు. ఆ సంగతి ఫోన్‌కి ఎవరు చెబుతారు? అది ఉయ్యాలలు, బుల్లి మేజోళ్లు, పాలసీసాలు చూపిస్తూనే పోయింది. ఫోన్‌ని బోర్లా పెట్టి, ఆమె గోడవైపు తిరిగి పడుకున్న రోజులున్నాయి. తర్వాత ఎప్పుడో అవి వాటంతటవే ఆగిపోయాయి.

ఇంతలో మామయ్య సంచి ఊపుకుంటూ వచ్చాడు. మందులామె అడక్కుండానే మూసిన కవర్లు కొన్ని ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఫోన్‌తో డబ్బు కట్టేసి వెనక్కి తిరిగితే ఎదురుగా కోడలు.

"మామయ్యా, అవన్నీ మీకా?" అంది కోడలు నీరసంగా.

"నాకెందుకమ్మా. వీధిలో వాళ్లవి. ఎవరికేం కావాలో ఈవిడ చెవిలో చెబుతారు, నేను నా ఫోన్‌తో కట్టేసి ఇంటికి చేరుస్తా. డబ్బు చేతికిచ్చేస్తారు. లోపలేముందో నాకు తెలీదు."

"ప్రకటనలొస్తే తెలుస్తుందిగా."

"వస్తాయి. ఏది ఎవరిదో మాత్రం తెలీదుగా. ఊళ్లో రోగాలన్నీ నాకే ఉన్నాయనుకుని తిప్పలు పడుతోంది పాపం అది," అన్నాడు మామయ్య. కాసేపు చెప్పుతో నేల రాసి, గొంతు తగ్గించాడు. "పోయినేడు నీ ఫోన్ నిన్నెంత ఏడిపించిందో చూశానమ్మా. దాన్నెలా ఆపాలో కనుక్కుందామనే చదవడం మొదలెట్టా. ఓసారి ఆపినా, వాడు విధానం మార్చినప్పుడల్లా మళ్లీ మొదటికొస్తోంది. అందుకే వదలకుండా చదువుతున్నా."

అప్పుడు గుర్తొచ్చింది కోడలికి. కొత్త నిబంధనలు వచ్చాయి, నీ ఫోన్ ఒకసారి ఇస్తావా అమ్మా అని ఆయన అడుగుతుండేవాడు. చాదస్తం అనుకుని ఇచ్చేది. మధ్యాహ్నమంతా వరండాలో దానితో కుస్తీ పట్టి తిరిగిచ్చేవాడు.

మామయ్య అన్నాడు, కావలసింది ఈవిడకి చెప్పమ్మా, నేను అటు తిరుగుతానని. అటు తిరిగి, చెవిన పడకుండా, గోడకున్న బోర్డు బిగ్గరగా చదవడం మొదలుపెట్టాడు: "అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు. చిల్లర ఇచ్చి సహకరించండి." మందులామెకి నవ్వాగలేదు. ఆ నవ్వులోనే కోడలు తన మాట ఆమె చెవిలో వేసేసింది.

మర్నాడు కాఫీల వేళ అత్తయ్య ఆయన ఫోన్ తొంగి చూసి, ఈ వయసులో మీకు ఉయ్యాలలెందుకండీ అంది. కొడుకు పొట్ట పట్టుకుని నవ్వాడు. మామయ్య కోడలి వైపు కన్నెత్తి చూడలేదు. ఊగుదామనిపించిందేమో ఫోన్‌కి అని కాఫీ ఊదుకుంటూ కూర్చున్నాడు. ఆ వారమంతా కొడుకు ఆయన్ని చంటిపిల్లాడా అని పిలిచినా కిమ్మనలేదు.

డాక్టర్ అంతా సవ్యంగా ఉందని చెప్పాక, కోడలు ముందు భర్తకి, తర్వాత అత్తయ్యకి తన నోటితో తనే చెప్పుకుంది. అత్తయ్య కళ్లొత్తుకుని, కోడల్ని దగ్గరికి తీసుకుని, అంతలోనే ఏదో స్ఫురించి మామయ్య మీదికి తిరిగింది.

"అంటే మీకు ముందే తెలుసా?"

"నాకెలా తెలుస్తుందే? తెలిస్తే ఫోన్‌కి తెలియాలి," అన్నాడు మామయ్య కళ్లజోడు తుడుచుకుంటూ. "దానికీ నాకూ మాటల్లేవు."