రంగప్ప సారు లెక్కపెట్టిన మంద

ఈ మధ్యాహ్నం హిందూపురంలో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు పాఠం చెబుతుంటే కిటికీలోంచి తడిసిన గొర్రెల వాసన వచ్చింది. బయట వానలో మంద పోతోంది. పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నేను కొంచెం గట్టిగానే పీల్చాను. బోర్డు మీద అప్పుడే రాసిన పాఠం: లెక్కపెట్టగలిగే నామవాచకాలు, లెక్కపెట్టలేనివి. ఆ వాసన, ఈ పాఠం కలిస్తే నాకు చిన్నప్పుడు ఇంగ్లీషు చెప్పిన రంగప్ప సారు గుర్తుకొస్తారు.

ఆయన రోజూ ధర్మవరం నుంచి ప్యాసింజరు రైల్లో పెనుకొండకు, అక్కడి నుంచి సైకిలు మీద మా పల్లెకు వచ్చేవారు. "నీళ్లు లెక్కపెట్టలేం, బిందెలు లెక్కపెడతాం" అనేవారు. మాది ట్యాంకరు వచ్చే ఊరు కాబట్టి ఆ భాగం మాకు చెప్పకుండానే వచ్చు. ఒకరోజు నన్ను లేపి, "గొర్రెలు?" అన్నారు.

"లెక్కపెట్టకూడదు సార్."

"పెట్టలేమా, పెట్టకూడదా?"

"పెట్టకూడదు. నాయన తంతాడు."

క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వారు. అదే ఆయన చేసిన తప్పు. మా ఇళ్లలో వేలు చూపి మందను లెక్కపెడితే దిష్టి తగిలి మంద తగ్గుతుందని నమ్మకం.

ఆ ఏడాది, అప్పటిదాకా మందను కాసిన అవ్వకు మోకాళ్లు పట్టేశాయి. మంద వెంట తిరగడానికి మనిషి కావాలి కాబట్టి నన్ను బడి మాన్పించాలని నాయన నిర్ణయించాడు. సంగతి తెలిసి శనివారం సాయంత్రం సారు మా ఇంటికొచ్చారు. మజ్జిగ తాగి, మాట కలపడానికని దొడ్డివైపు వేలు చాపి, "ఒకటి, రెండు..." అంటూ నలభై రెండు దాకా వెళ్లారు. నాయన లేచి నిలబడ్డాడు.

"సారూ, మజ్జిగ తాగినారు గదా. ఇంక పోయిరాండి."

మా నాయన అంత మర్యాదగా ఇంకెవరినీ వెళ్లగొట్టలేదు.

మర్నాడు తాను మేపుకొచ్చిన మంద దొడ్డికి చేరాక నాయన ఒక్కసారి చూసి, "చెవి మచ్చది రాలేదు" అన్నాడు. ఆయనకు లెక్క అవసరం లేదు, మొహాలు తెలుసు. ఇంట్లో తీర్పు అప్పుడే వెలువడింది: సారు వేలే కారణం, రేపట్నుంచి బడి లేదు.

సోమవారం నేను బడికి రాకపోవడం చూసి, కారణం పిల్లల ద్వారా విని, సారు మధ్యాహ్నానికే మా గడపలో నిలబడ్డారు.

"ఏమప్పా, నేను పోగొట్టింది నేనే వెతుకుతా. యాడ మేపినావో చూపించు."

నాయన, సారు ఇద్దరూ గుట్ట ఎక్కారు. పొద్దు వాలే వేళకు కంపచెట్లలో ఇరుక్కున్న ఆ చెవి మచ్చ గొర్రెపిల్లను సారు భుజాన వేసుకుని దిగారు. చొక్కా రెండుచోట్ల చిరిగింది, రైలు తప్పింది. మా ఇంట్లోనే సంగటి తిన్నారు.

నాయన సారు చేతులకు నీళ్లు పోశాడు. పోస్తూనే, "లెక్కపెట్టేటోళ్లను శానామందిని చూసినా. ఒకటి తక్కువైతే వెతకను వచ్చినోడివి నువ్వే సారూ" అన్నాడు. "పాప రేపు బడికొస్తాది."

"మరి మంద?"

"నేను కాసుకుంటా. నీకేల? నువ్వు మాత్రం మళ్లా వేలు చూపగాకు."

సారు ఇప్పుడు లేరు. ఆయన చెప్పిన పాఠం మాత్రం ఏటా చెబుతూనే ఉన్నాను. ఇవాళ హాజరు తీస్తుంటే రెండో బెంచీ చివర మళ్లీ ఖాళీ కనిపించింది. వరసగా మూడో రోజు. ఆ పిల్లది చిలమత్తూరు పక్క పల్లె. అమ్మానాన్న బెంగళూరుకు కూలికి వెళ్లారని, ఆ పిల్ల ఊళ్లోనే ఉండిపోయిందని పక్కపిల్ల చెప్పింది. రిజిస్టరులో ఆ గడి ఖాళీగా వదిలేసి, చిలమత్తూరు బస్సు ఎన్ని గంటలకని అటెండరును అడిగాను.