పరుపుల పక్కన దాచిన బ్యాటరీ

మంచుకొండల నడుమ నరిన్ ఊరి బజారులో ఓరోజ్‌బెక్ అంటే బ్యాటరీలకు నాడి చూసే మనిషి. తుక్కుకు పోయిన కరెంటు కార్లలోంచి సెల్స్ విప్పి, కాపరుల గుడారాలకూ ఇళ్లకూ బ్యాటరీలు కట్టిచ్చేవాడు. తీగలు తగిలించి ల్యాప్‌టాప్ తెరిస్తే, అందులోని కృత్రిమ మేధ దేనికెంత ఆయువుందో చెప్పేది. దాన్ని ఇతగాడు ఠీవిగా జనానికి వినిపించేవాడు.

చలి మొదట్లో పొరుగింటి బత్మక్క తన బ్యాటరీని మంచుబండి మీద లాక్కొచ్చింది. గడ్డకట్టిన బ్యాటరీకి నాడి అందదని తెలిసీ, వెనక జనం ఉన్నారన్న తొందరలో తీగలు తగిలించేశాడు.

“ఇది చచ్చిందక్కా. అవతల పారెయ్,” అన్నాడు.

ఆవిడ పారేస్తుందా? ఈనే గొర్రెల దగ్గర దీపానికి పెట్టుకుని రోజూ వాడుకుంటూనే ఉంది.

ఇక సొంతింటి సంగతి. భార్య సాల్కిన్‌కు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆక్సిజన్ మిషన్ ఆగితే పెదాలు నీలం తిరుగుతాయి. చలికాలమంతా కరెంటు కోతలే. అందుకని మేలైన సెల్స్ ఏరి ఆమె కోసం ఒక బ్యాటరీ కట్టాడు. మంచిదేదైనా చుట్టాలొచ్చేదాకా ముట్టుకోకపోవడం అక్కడి ఇళ్లలో అలవాటు. కొత్త పరుపులు పెట్టె మీద మడిచే ఉంటాయి, ఇంటివాళ్లు పాతవాటి మీద పడుకుంటారు. ఈ బ్యాటరీని కూడా ఆ పరుపుల పక్కనే, పొయ్యి వేడి తగిలేచోట, ఉన్ని తివాచీ కప్పి, నిండా ఛార్జి చేసి దాచాడు. చిన్న కోతలకు పాతదే వాడేవాడు. ఎంత ముద్దో చూడండి! నిండుగా ఉండి వేడికి మగ్గితే ఆ రకం బ్యాటరీ లోలోపలే చచ్చిపోతుంది. అది ఖాళీ కావడం ఎన్నడూ చూడని ల్యాప్‌టాప్ మేధేమో, భేషుగ్గా ఉందనే చెబుతూ వచ్చింది.

తుఫానుకు కరెంటు లైను తెగింది. బజారుకూ ఆసుపత్రికీ వెళ్లే దారి మంచులో కూరుకుపోయింది. పొద్దున్నే పాత బ్యాటరీ చేతులెత్తేసింది. ఓరోజ్‌బెక్ తివాచీ తీసి మంచిదాన్ని తగిలించాడు. రేపటిదాకా ఢోకా లేదంది ల్యాప్‌టాప్ తెర. టీ నీళ్లు మరిగేలోగా మాట మార్చింది. బ్యాటరీ ఖాళీ అవడం ఇప్పుడు చూసింది కదా, ఇప్పుడు నిజం చెబుతోంది. మధ్యాహ్నం దాకా కూడా రాదట. ప్రాణంలా దాచి తన చేతులతో తనే చంపుకున్నాడు.

“ఆ తెర అటు తిప్పవయ్యా,” అంది సాల్కిన్ ఆయాసపడుతూ. “కాసేపు నన్ను చూడు.”

చూడలేకపోయాడు. నడుంలోతు మంచులో పడుతూ లేస్తూ బత్మక్క కొట్టం దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ అతని మొహం చూసి, ఈనుతున్న గొర్రె పక్కనుంచి లేచి దీపం తీగ పీకేసింది.

“చచ్చిందన్నావుగా తమ్ముడూ,” అని దెప్పింది. వెంటనే గొంతు తగ్గించి, “ఊఁ, అటుపక్క పట్టు,” అంది.

బ్యాటరీకి ఆవిడ కోటు చుట్టి మోసుకొచ్చేసరికి ఇంట్లో మిషన్ ఆగిపోయి ఉంది. సాల్కిన్ కళ్లు తేలేస్తోంది. తీగలు బిగించాడు. మిషన్ మూలిగింది, ఆగింది, మళ్లీ మూలిగింది. ఈసారి ఆగలేదు. అలవాటుగా ల్యాప్‌టాప్ వైపు చెయ్యి పోయింది. దాన్ని మూసేసి ఆమె పక్కన కూలబడ్డాడు.

చాలాసేపటికి ఆమె పెదాలకు రంగొచ్చింది.

“ఇదెంతసేపొస్తుంది?” అని అడిగింది.

ఊరందరికీ లెక్క చెప్పిన మనిషి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“తెలీదే,” అన్నాడు.