రొట్టెల మూట

స్టేడియం పనికని ఎడారి దేశానికి తెచ్చి, లింబాద్రిని ఉమ్ సలాల్ తోటలో మేకలకు కాపలా పెట్టారు. ఎండకు కాగిన తొట్టినీళ్ళలో ముందు తన చెయ్యి ముంచి చూసుకోనిదే మేకల్ని వదలడు. మడమల పగుళ్ళకు వంటనూనె రాస్తాడు. శుక్రవారం వారానికి సరిపడా రొట్టెలు తెచ్చే కోరుట్ల డ్రైవర్ ఇస్మాయిల్ తప్ప మాట్లాడే మనిషి లేడు.

"మూడేండ్లాయె భాయ్. ఇంటికి పంపమని షేక్ సాబ్‌కు చెప్పినవా?" అడిగాడు లింబాద్రి.

"వరల్డ్ కప్ అయినంకనే అన్నడు. ఫికర్ జెయ్యకు. మా ప్రవక్త గూడ మేకలు కాసినోళ్ళే. ప్రవక్త కాకముందు హిరా గుహల దినాలకు దినాలు ఒక్కరే ఉండి దేవుణ్ణి తలుసుకునేటోళ్ళు."

"మరి తిండి ఒడిస్తే?"

"ఇంటికొచ్చి, భార్య ఖదీజా బీబీ దగ్గర సద్ది కట్టించుకొని మల్ల పోయేటోళ్ళు."

లింబాద్రి రొట్టెల మూట తిరిగి బండిలో పెట్టాడు.

"అయితే ఇగ నువ్వు తేకు భాయ్."